బీట మీద ముగ్గు

మా వీధిలో కామరాజు బావ నిద్రపోతుండగా చూసినవాళ్ళు ఎవరూ లేరు. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన రోజైనా సరే, పొద్దున్నే గోడ మీద చెమ్మ తడిమి చూస్తూనో, గేటు కీళ్ళకి నూనె పోస్తూనో కనిపిస్తాడు. టీ గ్లాసు చేతికిస్తే సగం తాగి, మిగిలిన సగంతో మేడ ఎక్కి నీళ్ళ ట్యాంకు చూసి వస్తాడు. స్టీల్ ప్లాంటులో క్రేన్ ఆపరేటరు. ఎత్తున క్యాబిన్లో కూర్చుని ఇనుప ప్లేట్లని ఎత్తి దొంతర్లుగా పేర్చే పని. అక్కడ మాత్రం కదలకుండా కూర్చుంటాడని తోటివాళ్ళు చెబుతారు. నేను నమ్మను.

నా పేరు సింహాద్రి. ఆటోనగర్‌లో చిన్న వెల్డింగ్ షెడ్డు నడుపుతాను. మా ఇల్లూ ఆయన ఇల్లూ ఎదురెదురు. చుట్టరికం ఏమీ లేదు, ఇక్కడ మగాళ్ళం ఒకర్నొకరు బావ అనుకోవడం అలవాటు. ఆయనది కోనసీమ కావడంతో మొదట్లో ఆ పిలుపుకి కంగారుపడ్డాడు. "ఏ వరసనండీ?" అని అడిగాడు. వరసలు చూసుకుని పిలిస్తే మా వైపు సగంమందిని పిలవడానికే ఉండదని చెప్పాను. అప్పట్నుంచీ ఆయన కూడా బావగారూ అంటాడు. ఆ గారూ మాత్రం వదల్లేదు. వీధి కుక్కని అదిలించినా "వెళ్ళండి, వెళ్ళండి" అంటాడు.

ఆయన పుట్టింది గోదావరి మధ్య లంక ఊళ్ళో. అక్కడ నిలువులోతు తవ్వినా ఒండ్రు మట్టే. రోలూ, గుడి మెట్లూ తప్ప ఊళ్ళో రాయి ఉండదు. ఎండలు ముదిరితే గోడలు బీటలిస్తాయి, వరద వస్తే పునాది ఒక పక్కకి దిగుతుంది. వాళ్ళ నాన్న బతుకంతా గోడలకి మాట్లు వేయడంతోనే గడిచిపోయిందట. అలాంటి మనిషి గాజువాక దాటి కొండ అడుగున ఈ జాగా కొన్నాడు. పునాది తీస్తుంటే గునపం ఖంగుమంది. మాకైతే అదొక తద్దినం, కూలి డబల్ అవుతుంది. ఆయన మాత్రం గోతిలోకి దిగి, ఆ రాయికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు. "ఇంక నా ఇల్లు కదలదండి బావగారూ" అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు నవ్వొచ్చింది, ఆయన మొహం చూసి మానుకున్నాను.

రాయి మీద ఆ నమ్మకమే ఆయన చేత ఒక పిచ్చి పని చేయించింది.

ఆయన భార్య కనకరత్నమ్మ బట్టలు కుడుతుంది. వీధిలో ఆడవాళ్ళ జాకెట్లన్నీ ఆవిడ చేతి మీదుగా పోవలసిందే. హాల్లోనే రెండు మిషన్లు, హాల్లోనే కత్తిరింపులు, అన్నం కంచంలో దారప్పోగులు. వెనక ఒక గది కట్టించి ఇస్తానని బావ ఎప్పుడో మాటిచ్చాడు. వెనక జాగా లేదు, కొండే ఉంది. అందుకని పోయిన ఎండాకాలం జేసీబీ పిలిపించి కొండ అడుగుని నిలువునా కోయించాడు. కోసిన చోట గోడ కట్టనని చెప్పాడు. గదికి మూడు పక్కలే ఇటుక, నాలుగో పక్క కొండే గోడ అట! "ఇంత గట్టి గోడ ఏ మేస్త్రీ కడతాడండీ?" అని ఆ కోత మీద అరచెయ్యి వేసి చూపించాడు. ఇక్కడ పుట్టినవాడెవడూ కొండని గోడగా వాడుకోడు. వానాకాలం కొండ ఏం చేస్తుందో మాకు తెలుసు. కానీ మా మాట ఎవరు విన్నారు? కోనసీమవాడికి రాయి కనిపిస్తే ప్రాణం లేచొస్తుంది.

ఆ కోతకి పైన, కొండ వాలులో, ఒక వరస ఇళ్ళున్నాయి. పై వరస అంటాం. అందరూ చేపల వేటకి పోయే కుటుంబాలవాళ్ళు. మగవాళ్ళు బోట్ల మీద వెళితే, ఆడవాళ్ళు తెల్లారకుండా హార్బరుకి పోయి చేపలు తెచ్చి వీధి వీధీ అమ్ముతారు. మెట్ల దారి చుట్టూ తిరిగి పైనుంచి వచ్చి వాళ్ళ గుమ్మాల ముందు నుంచి పోతుంది. కాబట్టి మాకు కింద నుంచి వాళ్ళ పెరటి గోడలే కనిపిస్తాయి, వాకిళ్ళు కనిపించవు. సరిగ్గా బావ కోతకి పైన ఉన్న ఇల్లు పోతమ్మది. మొగుడు ఎల్లారావు బోటెక్కితే వారం పదిరోజులు రాడు. ఇల్లూ, బేరం, తగాదాలు అన్నీ ఆవిడే.

గది గోడలు మోకాలెత్తు లేచాయి. అప్పుడు వీధికి నీళ్ళ కరువొచ్చింది. అంతకు ముందు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని తిరిగే ఒకాయన చూపించిన చోట బోరు వేయిస్తే దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఈసారి అందరం కలిసి సుధారాణి అనే జియాలజిస్టుని పిలిచాం. ముప్పై ఏళ్ళుంటాయేమో, భుజాన సంచీ, చేతిలో చిన్న సుత్తి. వచ్చీ రాగానే కనకరత్నమ్మ బట్టలు కత్తిరించే బల్ల మీద ఒక రంగుల మ్యాపు పరిచింది. గులాబీ, ఆకుపచ్చ, పసుపు రంగులు, వాటి మీద సన్నగీతలు. ఏ రంగుంటే ఆ చోట భూమిలో ఆ రాయి ఉందని అర్థమట. ఒక నల్లగీత దగ్గర వేలు పెట్టి, ఇది రాయి విరిగిన చోటు, నీళ్ళుంటే ఇలాంటి చోటే ఉంటాయంది. ఆ గీత వెంబడే వీధంతా నడిచి, చివర చెత్తకుప్ప పక్కన సున్నం గుర్తు పెట్టింది. అక్కడే బోరు వేశాం. నీళ్ళు పడ్డాయి. కొబ్బరికాయ ఆయన మీద నాకున్న కోపం రెట్టింపయింది.

నీళ్ళు పడ్డ సంతోషంలో అందరం ఉంటే బావ మాత్రం ఆ మ్యాపు మీదకి వంగి ఉన్నాడు. ఒక చిన్న గుర్తు చూపించి, "ఇదేంటండీ అమ్మా?" అని అడిగాడు. పొడుగు గీత ఒకటి, దాని నడుమ నుంచి ఒక పక్కకి పొట్టి గీత, పక్కన ఒక అంకె.

"రాయి పొరలు పొరలుగా ఉంటుంది కదండీ. ఆ పొరలు ఎటు నుంచి ఎటు పోతున్నాయో పొడుగు గీత చెబుతుంది. ఏ పక్కకి వాలి దిగుతున్నాయో ఈ పొట్టి గీత చెబుతుంది. ఎంత వాలో అంకె చెబుతుంది" అందామె.

"మరి ఇక్కడ ఏ పక్కకి దిగుతున్నాయండీ?"

ఆమె మ్యాపుని తిప్పి కొండ వైపుకి సరిచేసింది. "మీ వీధి వైపుకే."

బావ ఆమెని వెనక్కి తీసుకెళ్ళి కోత చూపించాడు. ఆమె సుత్తి కొనతో ఒక పొర మధ్య గీకింది. రాయి రాలేదు, తెల్లటి సుద్ద రాలింది. గీకిన చోట వేళ్ళు తడయ్యాయి.

నాకు అప్పటికీ బుర్రకెక్కలేదు. బావకి మాత్రం క్షణంలో అర్థమైపోయింది. ఆయన పనే అది. ప్లేట్ల దొంతర వాలులో పెట్టాల్సి వస్తే అడుగున అడ్డుకట్టె వేస్తారు. ఆ కట్టె తీసేస్తే పై ప్లేటు నుంచి మొత్తం జారుకుంటూ వచ్చేస్తుంది. ఈ కొండ పొరలకి మధ్యలో సుద్ద ఉంది, వాన పడితే ఆ సుద్ద సబ్బులా అవుతుంది, అడ్డుకట్టె ఎక్కడుందో అక్కడే ఆయన జేసీబీ పెట్టాడు.

"అడ్డుకట్టె నేనే తీసేశానండీ" అన్నాడు.

సుధారాణి ఆయన్ని బెదిరించలేదు, ఊరడించనూ లేదు. "ఈ మ్యాపు చాలా పెద్ద ప్రాంతానిదండీ. మీ పెరడు ఇందులో చుక్కంత కూడా ఉండదు. కొండ పడుతుందని ఇది చెప్పదు. ఎక్కడ చూడాలో, ఏం వెతకాలో చెబుతుంది. పైన ఇళ్ళ దగ్గర నేలలో బీట ఉందేమో చూడండి. ఉంటే కదలిక మొదలైనట్టే. అప్పుడు వానలకి ముందే పైవాళ్ళు దిగాలి, ఈ కోతని రాళ్ళతో మళ్ళీ నింపాలి, రెవెన్యూ ఆఫీసులో చెప్పాలి. లేకపోతే కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు" అంది. తన ఫోను నంబరిచ్చి, మ్యాపు నకలు ఒకటి ఆయన చేతిలో పెట్టి వెళ్ళింది.

మొత్తం సంగతి ఒక్క బీట మీదకి వచ్చి ఆగింది.

మర్నాడే బావ మ్యాపు చుట్టి పట్టుకుని పై వరసకి బయల్దేరాడు. నేనూ వెంటపడ్డాను. ఆ కాగితం ఇంట్లో పెట్టి రమ్మని చెప్పాల్సింది, నాకు తట్టలేదు. పోతమ్మ అప్పుడే ఖాళీ తట్టతో వచ్చి, గుమ్మం ముందు కాళ్ళు కడుక్కుంటోంది. వాకిలి నున్నగా అలికి, దాని మీద ఈ చివర్నుంచి ఆ చివరిదాకా వెడల్పాటి ముగ్గు.

"పోతమ్మగారూ, నమస్కారమండి. మీ వాకిట్లో గాని, ఇంట్లో గాని ఎక్కడైనా నేల బీటిచ్చిందా అండీ?" అని మ్యాపు విప్పాడు.

ఆవిడ కళ్ళు బీట అన్న మాట దగ్గర కాదు, మ్యాపు దగ్గర ఆగాయి.

"ఇన్నాళ్ళూ సేపల పోతమ్మని. ఇయ్యాల గారినైపోనానేటి? ఆ కాయితం ఏటి బాబూ?"

"భూమిలో రాళ్ళ మ్యాపండి. మీ ఇల్లు..."

"నాను సదువుకోనేదు గానీ మేపంటే ఏటో నాకు తెలుసు. ప్లాంటు కోసం మా అత్తోరి ఊరు లేపీసినప్పుడూ ఇలగే మేపు పరిసి, గీత గీసి, గీతకి ఇవతలోళ్ళంతా ఎల్లిపోండన్నారు. నా పెనిమిటి అప్పుడు సంకలో గుంటడు. మేపొట్టుకొచ్చినోడెవడూ మాకు మంచికి రానేదు. ఇప్పుడు తువ్వొచ్చి బీటలున్నాయా అంటన్నావు. ఉన్నాయంటే ఏటి సేత్తావు? ఇల్లు బాగో నేదని ఆఫీసోళ్ళకి సెప్పీసి, మమ్మల్ని సంద్రం కానరాని పద్మనాభంలో పడేయిత్తావా? అక్కడ ఏ పొలంగట్టున సేపలు పట్టాలి మేం?"

"అయ్యో, అలా కాదండీ!"

"బీటా నేదు, ఏటీ నేదు. ఎల్లు బాబూ, ఎల్లు."

పక్కింటి గంగాలమ్మా, ఆ పక్క పాపాయమ్మా గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. మేం మెట్లు దిగుతుంటే వెనకనుంచి వాళ్ళ మాటలు వినిపించాయి. పై వరస ఖాళీ చేయించి ఆ జాగా కూడా కలిపేసుకోవాలని కామరాజు చూస్తున్నాడట. సాయంత్రానికి అది వీధంతా పాకింది. మర్నాటి నుంచి పోతమ్మ తట్ట మా వీధిలోకి రావడం మానేసింది. తప్పెవరిదైనా చేపల కూర మాత్రం మా ఇంట్లో పోయింది.

అక్కడ్నుంచి బావకి అసలే లేని కుదురు పూర్తిగా పోయింది. రాయి కదిలితే తెలియాలని కోతలో పొరకి అటొక మేకూ ఇటొక మేకూ కొట్టి, రెంటికీ దారం బిగించాడు. ప్లాంటుకి వెళ్ళేముందు దారం ముట్టుకోవడం, రాగానే చెప్పులైనా విప్పకుండా దారం ముట్టుకోవడం. నాలుగు చినుకులు పడితే గొడుగు మర్చిపోయి పరిగెత్తడం. ఆకాశం మబ్బు పడితే ఆయన మొహం ముందు నల్లబడేది. కొండ మీది గుళ్ళో దండం పెట్టుకోవాలని వంక పెట్టి మెట్ల దారిన పైకెళ్ళి, పోతమ్మ వాకిలి దగ్గర నడక నెమ్మది చేసి, ముగ్గు తప్ప ఏమీ కనపడక తిరిగొచ్చేవాడు.

నాకు విసుగొచ్చింది. "లేదని ఆవిడే సెప్పింది గదా బావ. మరింకేటి? గది కట్టీ."

"ఉంటే చెబుతారంటారా బావగారూ?"

"మరి ఉన్నాదనుకుంటన్నావా?"

"తెలీదండి. అదేనండి నా బాధ. ఉందంటే ఏదో ఒకటి చేస్తాను. లేదంటే పడుకుంటాను. ఈ తెలీకపోవడం నన్ను తినేస్తోందండి."

సుధారాణిని అడిగితే, ఆఫీసువాళ్ళని తీసుకొచ్చి చూపించడమే మంచిదంది. బావ ఒప్పుకోలేదు. వాళ్ళొస్తే పైవాళ్ళు భయపడ్డట్టే జరగొచ్చు, నా మాట మీద వాళ్ళ కొంపలు కదలడం నా వల్ల కాదన్నాడు. చెప్పకపోతే కొండ కదిలితే? సుధారాణి కూడా గట్టిగానే అంది, పెద్ద వాన కబురొస్తే మీరు చెప్పినా చెప్పకపోయినా నేను చెబుతానని. నాకు ఆ పిల్ల నచ్చింది.

ఆ ఏడు వానాకాలం చినుకులతోనే సరిపెట్టింది. అక్టోబరులో బంగాళాఖాతంలో అల్పపీడనమని టీవీలో చెప్పడం మొదలెట్టారు. ఆ సాయంత్రం బావ నా షెడ్డుకొచ్చి, ఇనుప వైరుతో పెద్ద పెద్ద బుట్టలు అల్లి ఇమ్మన్నాడు. ఎందుకని అడిగితే, కోత పూడ్చేస్తాడట.

"గదో?" అన్నాను.

"గది లేదండి."

కనకరత్నమ్మ ఆ మాట విన్న రోజు వాళ్ళింట్లో మిషను చప్పుడు లేదు. ఆవిడ కోపం గట్టిగా అరిచేది కాదు, అదే నాకు భయం. "బొమ్మలో చీమంత గీత చూసి నా గది పూడ్చేస్తారా? పైనావిడ బీట లేదని చెప్పింది కదండీ. ఇన్నేళ్ళూ హాల్లో దారాలు ఏరుకున్నాను, గోడలు లేచాక చూసి సంబరపడ్డాను. మీ ఇష్టం, పూడ్చుకోండి. నన్ను మాత్రం చూడమనకండి" అంది.

జేసీబీ తవ్విపోసిన రాళ్ళన్నీ పెరట్లోనే గుట్టగా ఉన్నాయి. బావ ఒక్కడే బుట్ట నిలబెట్టి, ఒక్కో రాయీ అందులో వేస్తున్నాడు. పొరలు దిగే పక్కకి ఎదురుగా, నీళ్ళు పోవడానికి అడుగున గొట్టాలు పెట్టి, సుధారాణి చెప్పినట్టే. ఏ రాయికి ఒకనాడు బొట్టు పెట్టి మొక్కాడో ఆ రాయినే అటూ ఇటూ తిప్పి అనుమానంగా చూస్తున్నాడు. నేను షెడ్డు మూసి వెళ్ళేసరికి కనకరత్నమ్మ చీర కొంగు దోపుకుని, బుట్ట అంచు పట్టుకుని నిలబడి ఉంది. చూడనన్న మనిషి! నేనూ రాళ్ళందుకున్నాను.

పైన పోతమ్మ పెరటి కిటికీ తెరిచి ఉంది. చాలాసేపు చూసినట్టుంది. మోకాలెత్తు ఇటుక గోడ కూడా కూలగొట్టి బుట్టల్లో పడేస్తుంటే ఆవిడ మెట్లు దిగి వచ్చింది.

"ఏటి బాబూ, కట్టిన గోడ పడగొడతన్నావు? పిచ్చేటి నీకు?"

"మీ ఇంటికి కాలడ్డం పెడుతున్నానండి. నేనే తీశాను, నేనే పెడుతున్నాను" అన్నాడు బావ, రాయి దింపకుండానే.

"మరి ఈ అమ్మ గదో?"

కనకరత్నమ్మ చేతులు దులుపుకుంది. "హాల్లోనే కుడతానమ్మా. అలవాటేగా" అంది. ఆ మాట మామూలుగానే అంది గానీ, అనేసి మొహం పక్కకి తిప్పుకుంది.

పోతమ్మ ఆ రాళ్ళ బుట్టల్నీ, కూలిన ఇటుకల్నీ, మమ్మల్నీ చూసింది. మెట్లెక్కి వెళ్ళిపోయింది.

తెల్లారి మొదటి చినుకు పడకముందే బావ గేటు దగ్గర ఆవిడ గొంతు వినిపించింది. "ఓ కామరాజు బాబూ! బేగి రా. ఓటి సూపిత్తాను. సింహాద్రీ, తువ్వూ రా."

పైకెళ్ళాం. అప్పటికింకా ఆవిడ ముగ్గు వేయలేదు. చీపురుతో వాకిలంతా గట్టిగా గీకింది. అలికిన పేడ పెళ్ళలుగా లేచింది, దాని కింద సిమెంటు పూత, పక్కనే నేలలో వేలు దూరేంత సందు. వాకిలి ఈ కొస నుంచి ఆ కొసదాకా ఉంది. చెంబుతో నీళ్ళు పోసింది. నీళ్ళు చప్పుడు లేకుండా లోపలికి పోయాయి, చెంబు ఖాళీ అయినా సందు నిండలేదు.

బావ సందు పక్కనే గొంతుకూర్చుని అందులో వేలు పెట్టి చూశాడు.

"ఎప్పట్నుంచండీ?"

"తువ్వు కొండ కొయ్యకముందు ఎంట్రుక లాగుండేది. కోసినాక ఇలగయ్యింది. సిమ్మెంటెట్టాను, మళ్ళీ ఇడింది. మళ్ళీ ఎట్టాను. ఇంక అలికి ముగ్గెట్టడం మొదలెట్టాను. ముగ్గెట్టిన వాకిలిని ఎవుడూ తొక్కడు, ఎవుడూ వంగి సూడడు. పండగైనా, మైలైనా ముగ్గు మాన్నేదు నాను."

"నాకు చెప్పకపోయారా? తిట్టకపోయారా?"

"తిట్టాలంటే సెప్పాలి గదా బాబూ. సెప్తే మమ్మల్ని ఇక్కడ్నుంచి లేపీరా? నీ గది తువ్వే పూడ్సుకున్నాక, ఇంక దాసడానికి నాకు మొకం సెల్లనేదు."

గంగాలమ్మ తన గుమ్మంలోంచి ఇదంతా చూస్తోంది. పోతమ్మ నిలబడి ఆవిడకేసి చూసింది. గంగాలమ్మ కళ్ళు దించుకుంది. లోపలికెళ్ళి చీపురు తెచ్చుకుని, తన వాకిలి గీకడం మొదలుపెట్టింది. అక్కడా సందు. ఆ పక్క పాపాయమ్మ వాకిట్లోనూ సందు, గుమ్మం దాకా. ఒకరూ ఇంకొకరికి చెప్పలేదు. ఎవరికి వాళ్ళు తమ ఒక్క ఇంటికే బీటిచ్చిందని, తమకొక్కరికే ముప్పని, తెల్లారగట్లే లేచి పక్కావిడ చూడకుండా అలుక్కుంటూ వచ్చారు.

బావ లేచి నిలబడ్డాడు. "అమ్మా, మీ బీట పొడుగునా ముగ్గు వేయండి. దాని మీద పువ్వులూ వద్దు, చుక్కలూ వద్దు. అది ఎటు పోతే అటే వేయండి" అన్నాడు.

ముగ్గురూ ముగ్గుపిండి తెచ్చారు. వాళ్ళని చూసి వరసలో మిగిలినవాళ్ళూ తమ వాకిళ్ళు గీకి అలాగే ముగ్గు వేశారు. మేమిద్దరం మెట్ల మలుపు దాటి ఇంకా పైకెక్కి కిందికి చూశాం. ఇన్ని వాకిళ్ళలో ఇన్ని బీటలు కావవి. వరస ఈ చివర పోతమ్మ నీళ్ళ తొట్టి దగ్గర మొదలై, ప్రతి వాకిలీ దాటుకుంటూ, ఆ చివర తుప్పల్లోకి పోయే ఒకే ఒక్క తెల్ల గీత. బావ జేబులోంచి మ్యాపు తీసి, ఆ చిన్న గుర్తులోని పొడుగు గీత పక్కన పెట్టి చూశాడు. రెండూ ఒక వైపుకే పోతున్నాయి. నేను వేళాకోళం ఆడిన మనిషి ఇన్నాళ్ళూ ఈ గీతని ఒక్కడే మోశాడు.

సుధారాణికి పోతమ్మ ఎదుటే ఫోన్ చేశాడు. బీట మీద టార్పాలిన్లు కప్పి, అంచులకి మట్టి వేయమంది, నీళ్ళు లోపలికి పోకూడదట. అందర్నీ కిందికి దిగమంది. వాన కబురు రాగానే ఆఫీసులో చెప్పేశాననీ, అది ఆగగానే తను వాళ్ళతో కలిసి వస్తాననీ, ఈసారి రావద్దంటే ఒప్పుకోననీ అంది. పోతమ్మ ఆ మాటలు విని, "రానీ" అంది. అంతే.

ఆడవాళ్ళు మూటలు, గిన్నెలు, కోళ్ళగంపలతో దిగారు. కొందరు స్కూల్లో సర్దుకున్నారు, కొందరు మా ఇళ్ళలో. పోతమ్మ కుటుంబం బావ హాల్లో, కుట్టు మిషన్ల మధ్య. వాన పట్టుకుంది చూడండి, ఆకాశానికి తూట్లు పడ్డట్టు. బావ పెరటి తలుపు దగ్గర కుర్చీ వేసుకుని, అందులో కూర్చోకుండా నిలబడి గొట్టాల వైపే చూస్తున్నాడు. గొట్టాల్లోంచి ఎర్రనీళ్ళు, తర్వాత సుద్ద నీళ్ళు. మధ్య బుట్ట ఒకటి కడుపు ముందుకి పెట్టింది. నేను అల్లిన వైరు అది, నా గుండె అక్కడే కొట్టుకుంది. మధ్యాహ్నం పైన దబ్బుమని చప్పుడు. పాపాయమ్మ వంటింటి గోడ. లోపల ఎవరూ లేరు. పాపాయమ్మ నా భార్య పక్కన కూర్చుని ఏడ్చింది, ఆ గోడ పక్కనే రోజూ తన మనవరాలు పడుకుంటుందని.

బుట్టలు ఆగాయి. కొండ వంగింది గానీ రాలేదు.

ఎండ వచ్చిన రోజు పోతమ్మ ముందుగా పైకెళ్ళి టార్పాలిన్లు తీసింది. ఇప్పుడు బీటలో చెయ్యి దూరుతోంది. ఇల్లు ఒక పక్కకి ఒరిగి తలుపు పట్టేసింది. ముగ్గంతా చెదిరిపోయింది. పొయ్యి వెలిగించకుండానే అందరూ కలిసి మళ్ళీ గీశారు, ఈసారి బీటకి రెండు పక్కలా.

సుధారాణి ఇద్దరు ఆఫీసర్లతో వచ్చింది. బావ కోసం వెతికాం. ఇంట్లో లేడు, మేడ మీద లేడు. పెరట్లో, ఆయన పూడ్చేసిన గదిలో, రాళ్ళ బుట్టలకి జేరబడి ఉన్నాడు. తల కిందికి ఖాళీ సిమెంటు సంచీ మడత పెట్టుకుని, నోరు తెరుచుకుని, ఒళ్ళు తెలియకుండా నిద్రపోతున్నాడు. ఎండ మొహం మీద పడుతుంటే కనకరత్నమ్మ తను కుడుతున్న లంగా గుడ్డ ఒకటి తెచ్చి కొండ రాళ్ళ మీంచి అడ్డంగా కట్టింది.

"బావా" అని నేను పిలవబోయాను. పోతమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"లేపకు సింహాద్రీ. బీట నాది, నాను సూపిత్తాను" అంది. ఆఫీసర్ల చేతిలో మ్యాపు వైపు ఒకసారి చూసి, ముందు నడిచి మెట్లెక్కింది.